పాత బుల్లెట్‌కి నాలుగు వాల్వ్‌ల హెడ్ – 3వ పాఠం: కాగితం మీద చోటు, గాలికి దారి

మొదటి రెండు పాఠాల్లో పాత హెడ్‌ని, అంటే సిలిండర్ మీది మూతని, విప్పి కొలతలు తీసుకున్నాం, గాలి, పెట్రోలు లోపలికి వచ్చే దారైన ఇన్‌లెట్ పోర్టులో సిలికాన్ రబ్బరు పోసి దాని లోపలి ఆకారాన్ని బయటికి తీసి చూశాం. ఈసారి లోహం జోలికి వెళ్లం. గ్రాఫ్ కాగితం, వృత్తలేఖిని, అట్టముక్క, క్యాలికులేటర్ దగ్గర పెట్టుకోండి. కాగితం మీద తేలని హెడ్ లేత్ మీద అసలే తేలదు. అంబత్తూరు ఫౌండ్రీకి ప్యాటర్న్ (పోత నమూనా) ఇచ్చాక ఒక్క మిల్లీమీటరు మార్చాలన్నా డబ్బూ రోజులూ రెండూ పోతాయి.

మన ఇంజిన్ అదే, 350 బుల్లెట్. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 70 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., మొత్తం 346 సీసీ. పుష్‌రాడ్ ఇంజిన్, అంటే కింద ఉన్న కామ్ పొడవాటి కడ్డీలతో పైనున్న వాల్వ్‌ల్ని తెరుస్తుంది. గాలితోనే చల్లబడాలి. తిరువొత్తియూర్‌లో తయారైన ఈ ఇంజిన్లు షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద పందేలు జరిగిన రోజుల్లో అక్కడా పరుగెత్తాయి. ఇప్పుడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. మనం చేస్తున్న హెడ్ అక్కడ ఎండలో పనిచేయాలన్న మాట మనసులో ఉంచుకోండి. ఈ పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక లెక్క. కాగితం మీద రాస్తూ చదవండి.

ఒక పెద్ద ఇన్‌లెట్ వాల్వ్, వ్యాసం 38 మి.మీ. అనుకుందాం. దాని ముఖం వైశాల్యం 1134 చదరపు మి.మీ. దాని బదులు 27 మి.మీ. వాల్వ్‌లు రెండు పెడితే వాటి ముఖాల వైశాల్యం మొత్తం 1145. అంటే దాదాపు సమానం. ఇక్కడిదాకా లాభమేమీ లేదు. కానీ వాల్వ్ 3 మి.మీ. లేచినప్పుడు గ్యాస్ నిజంగా దూరేది ముఖం లోంచి కాదు, అంచుకీ, అది మూసుకున్నప్పుడు కూర్చునే సీటుకీ మధ్య చుట్టూ తెరుచుకునే సందులోంచి. ఆ సందు వైశాల్యం చుట్టుకొలతని లిఫ్ట్‌తో, అంటే వాల్వ్ లేచిన ఎత్తుతో, గుణిస్తే వస్తుంది. 38 మి.మీ. వాల్వ్‌కి అది 358 చదరపు మి.మీ. 27 మి.మీ. జంటకి 509. నూటికి 42 ఎక్కువ!

ఇంకొకటి. వాల్వ్ తన వ్యాసంలో నాలుగో వంతు లేచేసరికి ఆ సందు వాల్వ్ ముఖంతో సమానమవుతుంది. ఆపైన ఎంత లేపినా పెద్దగా ఒరిగేది లేదు. పెద్ద వాల్వ్‌కి అది 9.5 మి.మీ., చిన్నవాటికి 6.75 మి.మీ. కాబట్టి కామ్ అంత దూకుడుగా ఉండక్కర్లేదు, స్ప్రింగులు అంత గట్టివి అక్కర్లేదు. బుల్లెట్ స్ట్రోక్ 90 మి.మీ. కాబట్టి 6000 ఆర్‌పీఎం దగ్గరే పిస్టన్ సగటు వేగం సెకనుకి 18 మీటర్లు అవుతుంది. హోండా ఆరు సిలిండర్ల 250 సీసీ ఆర్‌సీ166లో 24 వాల్వ్‌లు పెట్టి 18,000 ఆర్‌పీఎం దాకా తిప్పింది, అదీ గాలితో చల్లబడే ఇంజినే. మనం ఆ దారిలో వెళ్లలేం. మనకి కావలసింది అదే ఆర్‌పీఎంలో సిలిండర్ ఇంకొంచెం నిండడం.

ఇప్పుడు అదే లెక్కని కాలిన గ్యాస్ బయటికి పోయే ఎగ్జాస్ట్ వైపు తిప్పండి. చాలామంది ఇక్కడ ఆగకుండా ముందుకెళ్లిపోతారు. 23 మి.మీ. ఎగ్జాస్ట్ వాల్వ్‌లు రెండు పెడితే వాటి ముఖాల మొత్తానికి సమానమైన ఒకే వాల్వ్ 32.5 మి.మీ. ఉంటుంది. ఒక్కదాని చుట్టుకొలత 102 మి.మీ., రెండింటిదీ కలిపి 144 పైమాట. మళ్లీ అదే నిష్పత్తి, రెండు వర్గమూలం, 1.41. ఇన్‌లెట్ వైపు గ్యాస్ దూరడానికి మనకి అదనంగా ఇచ్చిన ఆ నలభై శాతమే ఎగ్జాస్ట్ వైపు మంటలాంటి గ్యాస్ హెడ్ గోడల్ని తాకడానికి అదనపు చోటు ఇస్తోంది. ఒక గిన్నెలో ఉన్న వేడి అన్నాన్ని రెండు చిన్న గిన్నెల్లోకి సర్దితే త్వరగా చల్లారుతుంది కదా, ఆ చల్లారిన వేడంతా గిన్నెలకే పోతుంది. మన హెడ్ ఆ గిన్నెల స్థానంలో ఉంది.

నీళ్లతో చల్లబడే ఇంజిన్ అయితే ఈ అదనపు వేడిని నీళ్లు మోసుకుపోతాయి. హోసూరులో తయారయ్యే అపాచీ ఆర్‌టీఆర్ 200 4వీలో బోర్ 66 మి.మీ.లు, మనకి దగ్గరే. దానికి కూడా గాలి ఒక్కటే చాలదని ఆయిల్‌తో చల్లబరుస్తారు. మన బుల్లెట్‌కి ఉన్నది ఎదురుగాలి, హెడ్ చుట్టూ రెక్కల్లా ఉండే ఫిన్స్. అందుకే ఈ పాఠంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదీ: గాలితో చల్లబడే హెడ్‌లో పోర్టుకంటే ముందు గాలి దారి గీయాలి. వాల్వ్‌లన్నీ అమర్చుకుని, మిగిలిన చోట ఫిన్స్ పెడదామనుకుంటే పని మొదటికే వస్తుంది.

పాతవాళ్లు ఈ చిక్కుని బాగానే ఎరుగుదురు. నాలుగు వాల్వ్‌లు కొత్త ఆలోచనేమీ కాదు. 1912లోనే ప్యూజో గ్రాండ్ ప్రి కారులో వచ్చాయి. 1921లో ఇంజినీర్ రికార్డో ట్రయంఫ్ మోటార్‌సైకిల్‌కి అలాంటి హెడ్ చేశాడు, ట్రయంఫ్ దాన్ని రేసుకి దింపింది. కానీ మనం దగ్గర పెట్టుకుని చూడవలసిన ఇంజిన్ బ్రిటిష్ కంపెనీ రడ్జ్‌ది. అదీ సింగిల్ సిలిండరే, అదీ పుష్‌రాడే. 1928 అల్‌స్టర్ గ్రాండ్ ప్రిలో గ్రాహం వాకర్ దానిమీద గెలిచాడు. 1930లో బ్రిటన్ పక్కనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో జరిగే టీటీలో సీనియర్ (500 సీసీ), జూనియర్ (350 సీసీ) పందేలు రెండూ రడ్జ్‌వే, జూనియర్‌లో మొదటి మూడు స్థానాలూ దానివే. ఆ ఏడాది 500 సీసీ బండిలో వాల్వ్‌లు జంటలుగా సమాంతరంగా, ఇంటి కప్పులా వాలిన గదిలో ఉన్నాయి. 350లో మాత్రం నాలుగూ నాలుగు దిక్కులకి విచ్చుకున్నాయి. ఆ తర్వాత వచ్చిన అల్‌స్టర్ మోడల్‌లో ఇన్‌లెట్లు సమాంతరంగా ఉంచి ఎగ్జాస్ట్‌లు మాత్రం విప్పారు. హెడ్‌ని కంచులో పోసిన అల్‌స్టర్లూ ఉన్నాయి. ఈ మార్పుల్ని వరసగా చూస్తే నాకు కనిపించేది ఒకటే. ఎగ్జాస్ట్ వేడిని ఎక్కడికి పంపాలన్న వెతుకులాట.

వెస్లేక్ స్పీడ్‌వే ఇంజిన్ సంగతి వేరు. నాలుగు వాల్వ్‌ల ఆ సింగిల్ మీదే 1976లో పీటర్ కొలిన్స్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. స్పీడ్‌వే అంటే నాలుగు ల్యాప్‌లు, దాదాపు ఒక నిమిషం. పైగా మిథనాల్ ఇంధనం, అది ఆవిరవుతూ లోపలి వేడిని బాగా తీసుకుంటుంది. ఆ హెడ్ కొలతల్ని తెచ్చి పెట్రోలు మీద ఎక్కువ ల్యాప్‌లు తిరిగే బండికి పెట్టకండి.

ఎండ లెక్క కూడా వేసుకుందాం. ఫిన్స్ వదిలే వేడి, లోహానికీ గాలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాని బట్టి ఉంటుంది. లోహం 200 డిగ్రీలు, గాలి 15 డిగ్రీలయితే తేడా 185. మనకి కర్తరిలో, ఇక్కడివాళ్లు అగ్నినక్షత్రం అనే రోజుల్లో, గాలి 40 డిగ్రీలు. తేడా 160. అంటే అవే ఫిన్స్, అదే వేగంలో, నూటికి 13 పైగా తక్కువ వేడి వదులుతాయి. చల్లని ద్వీపంలో గెలిచిన హెడ్‌ని మక్కీకి మక్కీ దింపితే చెన్నైలో చాలదు.

ఇక గీద్దాం. కాగితం మీద 70 మి.మీ. వృత్తం గీయండి. అయిదింతలు పెద్దదిగా గీస్తే ఇంకా మంచిది. ఇందులో వాల్వ్ వృత్తాలు గీయకండి, సీటు రింగుల వృత్తాలు గీయండి. లోహంలో చోటు తినేది రింగు. 27 మి.మీ. వాల్వ్‌కి 30 మి.మీ. రింగు, 23 మి.మీ. వాల్వ్‌కి 26 మి.మీ. రింగు అనుకుందాం. ఇన్‌లెట్ రింగుల మధ్య 3 మి.మీ. వదలండి, అంటే కేంద్రాల మధ్య దూరం 33. ఎగ్జాస్ట్ రింగుల మధ్య 4 మి.మీ., కేంద్రాల దూరం 30. ఎగ్జాస్ట్ వాల్వ్ వేడిలో దాదాపు మూడొంతులు సీటు ద్వారానే హెడ్‌లోకి వెళ్తుందని పుస్తకాలు చెప్తాయి. పగుళ్లు కూడా ముందు పుట్టేది ఆ రెండు రింగుల మధ్యే. అక్కడ పిసినారితనం వద్దు.

నాలుగు రింగులూ బోర్ వృత్తాన్ని లోపలినుంచి తాకేలా బయటికి జరపండి. ఇన్‌లెట్ కేంద్రాలు, ఇన్‌లెట్ వైపునీ ఎగ్జాస్ట్ వైపునీ విడదీసే మధ్య గీత నుంచి 11.3 మి.మీ. దగ్గర, ఎగ్జాస్ట్‌వి 16.1 దగ్గర ఆగుతాయి. ఇప్పుడు ఇన్‌లెట్ రింగుకీ దాని ఎదుటి ఎగ్జాస్ట్ రింగుకీ మధ్య చూడండి. అర మిల్లీమీటరు మించి ఒకదానిమీదికి ఇంకొకటి ఎక్కింది. చదును హెడ్‌లో ఇవి పట్టవు.

మంట గది కప్పు వాలుగా ఎందుకుండాలో ఇక్కడ తెలుస్తుంది. ఒక్కో వైపు 25 డిగ్రీలు వాల్చితే, పైనుంచి చూసినప్పుడు 35 మి.మీ. ఉన్నది వాలు మీద 38.6 అవుతుంది. కప్పు వెన్నుని (రెండు వాలులూ కలిసే గీతని) మధ్య గీత నుంచి 3 మి.మీ. ఎగ్జాస్ట్ వైపు జరిపి, ప్రతి రింగుకీ వెన్నుకీ మధ్య 1 మి.మీ. ఉంచితే నాలుగూ పట్టేస్తాయి, మధ్య 2 మి.మీ. లోహం మిగులుతుంది. అట్టని వెన్ను దగ్గర మడిచి, రింగుల్ని వాలు మీదే గీసి చూడండి. లెక్క చదవడం కంటే అట్ట మడవడమే త్వరగా అర్థమవుతుంది.

స్పార్క్ ప్లగ్ ఆ వెన్ను మీదే, నాలుగు రింగుల నడుమ ఉండాలి. 14 మి.మీ. ప్లగ్ పెడితే రంధ్రానికీ రింగులకీ మధ్య ఒక మిల్లీమీటరు కూడా మిగలదు. 10 మి.మీ. ప్లగ్ పెడితే రెండు మిల్లీమీటర్ల పైన ఉంటుంది. నేనైతే 10 తప్ప వేరేది పెట్టను.

వాలు ఎంతుండాలో కంప్రెషన్ కూడా చెప్తుంది. వెన్ను బోర్ మధ్యలో ఉంటే ఆ కప్పు కింది ఘనపరిమాణం, బోర్ అర్ధవ్యాసం ఘనాన్ని 1.81తో, వాలు టాన్‌తో గుణిస్తే వస్తుంది. మనం వెన్నుని 3 మి.మీ. జరిపినా పెద్ద తేడా రాదు. 25 డిగ్రీలకి సుమారు 36 సీసీ. గాస్కెట్ సందు 1 మి.మీ.కి దాదాపు 4 సీసీ, పిస్టన్ మీద వాల్వ్ గుంటలకి 3 సీసీ కలిపితే 43. అంటే 9కి 1. పిస్టన్ తల బల్లపరుపుగానే ఉండొచ్చు. అదే 30 డిగ్రీలయితే 7.7కి దిగిపోతుంది, పిస్టన్‌కి గుమ్మటం కావాలి, లోపల మంట దానిచుట్టూ తిరగాలి. 20 డిగ్రీలయితే కంప్రెషన్ 10 దాటుతుంది, వాల్వ్ కాండాలు పైన దగ్గరపడి ప్లగ్ చుట్టూ గాలి ఆడదు. నీళ్ల ఇంజిన్లకి 20 బాగుంటుంది. మనకి 25 మేలని నా నమ్మకం.

ఇక గాలి దారి. బుల్లెట్‌లో, వాల్వ్‌ల్ని నొక్కే రాకర్లు ఉండే బాక్సులు రెండూ విడివిడిగా ఉండటం మన అదృష్టం. ఆ రెంటి మధ్య సందుని కాపాడుకోండి, కొత్త హెడ్‌లో ఒకే పెట్టెగా కలిపేయకండి. కుడివైపు పుష్‌రాడ్ల గొట్టం అడ్డం. కాబట్టి గాలి ముందునుంచి, రెండు ఎగ్జాస్ట్ పోర్టుల మధ్యగా లోపలికి వచ్చి, ప్లగ్ దిమ్మెని తాకి, ఎడమవైపు బయటికి పోవాలి. లోపలికి రావడానికి దారి ఉండి బయటికి పోవడానికి లేకపోతే గాలి అక్కడే నిలిచి వేడెక్కుతుంది. ఎరుపు పెన్సిల్‌తో ఆ దారిని ముందే గీసి, దాన్ని ఏ గోడా దాటకూడదని నియమం పెట్టుకోండి.

ఎగ్జాస్ట్ కేంద్రాల దూరం 30. పోర్టు గొంతు 20, చెరో పక్క గోడ 4 తీసేస్తే వాల్వ్‌ల దగ్గర మిగిలేది 2 మి.మీ. అంత సన్నని ఇసుక పోతలో నిలవదు, అక్కడ లోహం నిండుగానే ఉండనివ్వండి. పోర్టుల్ని ఒక్కోటి 15 డిగ్రీలు బయటికి విప్పితే 11 మి.మీ. ముందుకి వచ్చేసరికి సందు 8 అవుతుంది, 40 దగ్గర 23 అవుతుంది. అక్కడ నిలువు ఫిన్స్ రెండు మూడు పడతాయి. రెండు పోర్టుల్నీ హెడ్ లోపలే కలిపి ఒక గొట్టం చేయాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. సైలెన్సర్ ఒకటే కొనొచ్చు, చూపుకీ బాగుంటుంది. వద్దు. ఆ కలిసే చోటే హెడ్ మొత్తంలో మండిపోయే చోటు, గాలి అందనిదీ అదే. రెండు గొట్టాలూ విడిగా బయటికి తీసి, కలపాలంటే బయట కలపండి.

రడ్జ్‌లాగా వాల్వ్‌లనే విప్పవచ్చు కదా అంటే, విప్పవచ్చు, గాలికి ఇంకా మంచిది. అయితే ప్రతి వాల్వ్‌కీ వేరే కోణం, వేరే జిగ్ (పనిముక్కని పట్టి ఉంచే అమరిక), రాకర్లు పెరుగుతాయి. మొదటి హెడ్‌కి సమాంతరమే చేయండి.

వచ్చే పాఠంలోపు రెండు పనులు. ఒకటి, పైన చెప్పిన అట్ట కప్పుని మీ సొంత బోర్ కొలతతో చేయండి. రెండు, చెన్నైలో పాత బండి సామాన్లు దొరికే పుదుప్పేటకి వెళ్లి పనికిరాని నాలుగు వాల్వ్‌ల హెడ్ ఒకటి కొనుక్కోండి. పగిలినదైనా సరే, తూకానికి ఇచ్చేదైనా సరే. దాన్ని ఎగ్జాస్ట్ పోర్టు మధ్యగా హ్యాక్సాతో నిలువుగా కోయండి. సీటు రింగు వెనక లోహం ఎంత మందం ఉందో, పోర్టు పైకప్పు ఎంత త్వరగా బయటికి తిరిగిందో, ప్లగ్ దిమ్మె చుట్టూ ఏముందో వెర్నియర్‌తో కొలిచి మీ గ్రాఫ్ కాగితం మీదే పక్కన రాసుకోండి. ఒక్క రాకర్‌తో రెండు వాల్వ్‌లు నొక్కే ఫోర్క్‌ని 4వ పాఠంలో ఆ అంకెల మీదే గీస్తాం.