ఐప్యాడ్‌లో కెమెరా ఎందుకు తిరిగి రాలేదంటే

మా ఆఫీసు ఐప్యాడ్‌లలో కెమెరా ఐకాన్ మాయమైంది. కెమెరాను అనుమతిస్తూ కొత్త ప్రొఫైల్ (ఐప్యాడ్‌లకు సెట్టింగ్స్, ఆంక్షలు పెట్టే ఫైల్) పంపినా ఫలితం లేదు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో ‘వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్’ తెరిచి చూస్తే, కెమెరా వద్దనే పాత ప్రొఫైల్ ఇంకా అక్కడే కూర్చుని ఉంది!

రెండు ప్రొఫైళ్లకు పడకపోతే చివర వచ్చినదే నెగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఆంక్షల విషయంలో అలా కాదు. ఏది ఎక్కువ కట్టడి చేస్తే దానిదే పైచేయి. పాస్‌కోడ్‌కు ఒకటి 4 అంకెలు చాలంటే, ఇంకోటి 6 కావాలంటే, 6 పెట్టాల్సిందే. అందుకే ‘అనుమతించు’ అని ఎన్ని పంపినా దండగే. పాతదాన్ని, ఈ ప్రొఫైళ్లను పంపే సర్వర్ నుంచే తీసేశాను. ఐప్యాడ్‌లు నెట్‌కు కలిశాక కెమెరా వచ్చేసింది. వైఫై లాంటి సెట్టింగ్స్‌కు మాత్రం ఈ లెక్కను నమ్ముకోకండి, ఒకే ప్రొఫైల్‌లో పెట్టుకోండి.