నెల ముగ్గులు నేర్చుకుందాం, మూడో పాఠం: సందు చుక్కల నక్షత్రం

పోయిన రెండు పాఠాలూ చేసినవాళ్లకి ఈపాటికి చెయ్యి కాస్త కుదిరే ఉంటుంది. మొదటి దాంట్లో పిండి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుని సన్నగా వదలడం చూశాం, రెండో దాంట్లో ఎదురు చుక్కలు, అంటే పై వరసా కింది వరసా ఒకే నిలువులో వచ్చేట్టు చుక్కలు పెట్టి గళ్ల ముగ్గు వేశాం. ఇవాళ సందు చుక్క. ఇది వచ్చిందంటే మీకు సగం ముగ్గులు వచ్చేసినట్టే, ఎందుకంటే పండక్కి వేసే పెద్ద పెద్ద తామరపూలూ చిలకలూ దీపాలూ చాలామటుకు సందు చుక్కల మీద నడిచేవే.

డిసెంబర్లోనే ఎందుకు మొదలెట్టానంటే, 16వ తారీకు అటూ ఇటూగా ధనుర్మాసం వస్తుంది, మా గోదావరి జిల్లాల్లో నెల పట్టింది అంటాం, ఇంక అక్కణ్ణించి భోగి దాకా రోజూ తెల్లారేసరికి వాకిట్లో ముగ్గు ఉండాల్సిందే. మధ్యలో 24 రాత్రి క్రిస్మస్ ముగ్గు, 31 రాత్రి న్యూ ఇయర్ ముగ్గు. ఈ మూడింటికీ పనికొచ్చేలా ఒకే ఒక్క ముగ్గు ఇవాళ నేర్పిస్తాను, 19 చుక్కలది. ఫోన్లో బొమ్మ చూసి గీతలు కాపీ కొడితే ఆ ఒక్క ముగ్గే వస్తుంది, రేపు మళ్లీ ఫోన్ తియ్యాలి. చుక్కలు ఎక్కడ ఎందుకు పడుతున్నాయో తెలిస్తే గీత ఎటు వెళ్లాలో చుక్కలే చెప్తాయి. నేను నేర్పాలనుకున్నది అసలు అదే.

ముందు నేల సంగతి. మంచు రోజులు కదా, కళ్లాపి చల్లిన నీళ్లు త్వరగా ఇంకవు, చల్లిన వెంటనే ముగ్గు వేస్తే పిండి నీళ్లలో కరిగి గీత వెడల్పుగా పాకిపోతుంది. అందుకే మా ఇంట్లో ముందు ఊడ్చి కళ్లాపి చల్లేసి, లోపలికి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టి, కాఫీ తాగి వచ్చాక ముగ్గు చిప్ప పట్టుకుంటాం. అప్పటికి నేల మీద నీళ్లు కనపడవు కానీ చెయ్యి పెడితే చల్లగా తడి తగుల్తుంది, అదీ సరైన పదును. సిమెంటు రోడ్డయితే పేడనీళ్లు కొంచెం చిక్కగా చల్లండి, తెలుపు బాగా ఎత్తి కనపడుతుంది. ఇంకోటి, ఈ నెలలో వరి కోతలై ధాన్యం రోడ్ల మీద బరకాలేసి ఆరబోస్తారు, మీ వాకిలి ముందు కూడా ఎవరిదో ఒకరిది ఆరుతూ ఉంటే ముగ్గు కాస్త అరుగు వైపుకి జరుపుకోండి, గింజల్లో ముగ్గురాయి పిండి కలిస్తే పాపం రైతుకే ఇబ్బంది.

ఇప్పుడు చుక్కలు. సందు చుక్క అంటే కింది వరసలో రెండు చుక్కల మధ్య ఖాళీ ఎక్కడుందో సరిగ్గా దానికి ఎదురుగా పై వరస చుక్క పడాలి. కొంతమంది మధ్య చుక్క అని కూడా అంటారు, రెండూ ఒకటే. మన ముగ్గు 5 నించి 3 వరకు, అంటే నడుమ వరసలో 5 చుక్కలు, దానికి పైన 4, ఆ పైన 3, మళ్లీ కింద 4, ఆ కింద 3. మొత్తం కలిపితే 19. వెయ్యడం ఎప్పుడూ నడుమ వరసతోనే మొదలెట్టండి, తర్వాత మీకు దూరంగా ఉన్న పై రెండు వరసలు పెట్టేసి, ఒక అడుగు వెనక్కి వచ్చి కింది రెండూ పెట్టుకోండి, అప్పుడు పెట్టిన చుక్కల మీద కాలు పడదు, చీర కుచ్చిళ్లు రాసుకోవు.

అందరికీ తేడా వచ్చేది ఇక్కడే. చుక్కకీ చుక్కకీ ఎంత ఎడం ఉందో వరసకీ వరసకీ కూడా అంతే ఎడం పెట్టేస్తారు, దాంతో నక్షత్రం నిలువుగా సాగిపోయి వస్తుంది, ఎక్కడ తప్పిందో తెలీక గీతలు చెరిపి మళ్లీ గీస్తూ ఉంటారు, తప్పు గీతల్లో లేదు కదా. సందు చుక్కల్లో వరసల మధ్య దూరం చుక్కల మధ్య దూరం కంటే కొంచెం తక్కువ ఉండాలి. చుక్కకీ చుక్కకీ 9 అంగుళాలు పెడితే వరసకీ వరసకీ 8 అంగుళాల లోపే వస్తుంది. అలా అని టేపు పట్టుకుని ఎవరు కొలుస్తారండీ తెల్లారగట్ల. మా అత్తయ్యగారి పద్ధతి చెప్తాను. కొబ్బరి ఈనెల చీపుర్లోంచి ఒక పుల్ల లాగి జానెడు పొడుగు విరుచుకోండి. నడుమ వరసలో 5 చుక్కలూ ఆ పుల్లతో కొలిచి పెట్టండి. పై వరస చుక్క పెట్టేటప్పుడు పుల్ల ఒక కొన కింది ఎడమ చుక్క మీద ఆనించి రెండో కొన పైకి ఏటవాలుగా తిప్పండి, మళ్లీ కింది కుడి చుక్క మీంచి అలాగే తిప్పండి, రెండు కొనలూ ఎక్కడ కలుస్తాయో అక్కడే చుక్క. అంతే. పక్కపక్కనున్న ఏ మూడు చుక్కలు తీసుకున్నా మూడు వైపులా అదే పుల్ల సరిపోవాలి. ఆవిడకి ఇప్పుడు పుల్ల అక్కర్లేదు, వంగి చూపుడు వేలు అలా గాల్లో రెండుసార్లు అటూ ఇటూ ఊపి టక్కున చుక్క పెట్టేస్తారు, నేను వెనకాల పుల్ల పెట్టి చూస్తే సరిగ్గా ఉంటుంది. కొత్తవాళ్లు మాత్రం వారం రోజులు పుల్ల వదలొద్దు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే లెక్క వాళ్లకి అప్పజెప్పండి. మా చిన్నది స్వెట్టరూ మంకీక్యాపూ వేసుకుని అరుగు మీద కూచుని "ఇంకా మూడు పెట్టాలమ్మా" అని అరుస్తూ ఉంటుంది, ఎక్కాలు ఎంత బద్ధకంగా చెప్పినా ఇది మాత్రం తప్పదు దానికి. వాళ్లకి ఈ లెక్క చెప్పండి, 5 నించి 3 అయితే 19, 7 నించి 4 అయితే 37, 9 నించి 5 అయితే 61, పండక్కి వేసే 13 నించి 7 అయితే 127. ఇలా ఆరు వైపులా సమానంగా వచ్చే ముగ్గుల్లో నడుమ వరస ఎప్పుడూ బేసి సంఖ్యే, చివరి వరస దాంట్లో సగం కంటే అర ఎక్కువ. చుక్కలు పెట్టడం అయ్యాక మొత్తం ఒకసారి లెక్కపెట్టించండి, గీత మొదలెట్టాక చుక్క తగ్గిందని తెలిస్తే సర్దడం కష్టం.

సరే, గీతలు. పైనించి వరసలకి 1, 2, 3, 4, 5 అని పేర్లు పెట్టుకుందాం. 1వ వరస నడిమి చుక్క దగ్గర మొదలెట్టి ఎడమ పక్కకి ఏటవాలుగా దిగండి. దారిలో 2వ వరసలో ఎడమ నించి రెండో చుక్క, 3వ వరసలో కూడా ఎడమ నించి రెండోదే, చివరికి 4వ వరస ఎడమ కొస చుక్క దగ్గర ఆగాలి. అక్కణ్ణించి 4వ వరస మీదుగా అడ్డంగా కుడి కొసకి రండి, నాలుగు చుక్కలూ గీతలో కలిసిపోవాలి. మళ్లీ అక్కణ్ణించి పైకి, మొదలెట్టిన చుక్కకి. ఒక త్రికోణం వచ్చింది. రెండోది దీనికి తిరగేసి, 2వ వరస ఎడమ కొస నించి కుడి కొసకి అడ్డంగా గీసి, అక్కణ్ణించి ఏటవాలుగా 5వ వరస నడిమి చుక్కకి దిగి, మళ్లీ ఎడమ కొసకి ఎక్కండి. ఆరు మూలల నక్షత్రం తయారు. గీత ఒక చుక్క నించి ఇంకో చుక్కకి వెళ్లేటప్పుడు చెయ్యి ఆపకండి, చూపు చేతి మీద కాకుండా చేరాల్సిన చుక్క మీద పెట్టండి, గీత దానంతటదే తిన్నగా వస్తుంది.

ఇప్పుడొకసారి నుంచుని చూడండి. నక్షత్రం లోపల ఒంటరిగా ఒక చుక్క, దాని చుట్టూ గీతలు కలిసేచోట ఆరు చుక్కలు. ఆ నడిమి చుక్క నించి ఒక్కో దానికి ఒక్కో రేక చొప్పున ఆరు రేకలు వేస్తే తామరపువ్వు. బయట చూస్తే మూలకీ మూలకీ మధ్య ఒక్కో చుక్క చొప్పున ఆరు చుక్కలు మిగిలి ఉన్నాయి కదా, గీతలు లోపలికి వంగిన చోటు నించి ఆ చుక్క దాకా ఒక్కో ఆకు వెయ్యండి, మొన ఆ చుక్క దగ్గర తేలాలి. 19 చుక్కల్లో ఒక్కటి కూడా వృథా పోలేదు చూడండి, నాకైతే ఎన్నాళ్లు వేసినా ఈ సంగతి భలే సంతోషంగా ఉంటుంది.

వాకిలి పెద్దదైతే ఇదే ముగ్గుని 7 నించి 4 చెయ్యొచ్చు, చుట్టూ ఇంకో 18 చుక్కలు పడతాయి. నక్షత్రం ఒక్కో మూలకి ఎదురుగా రెండేసి చుక్కలు వస్తాయి, మూల నించి ఆ రెండింటికీ గీత పోసి పైన వంపు తిప్పితే ప్రమిద, లోపల చిన్న జ్యోతి. ఆకు మొనకి ఎదురుగా ఒక్కో చుక్క మిగుల్తుంది, అక్కడ చిన్న పువ్వు వేస్తే సరి.

నెల రోజుల్లో వేసేటప్పుడు నడిమి తామరపువ్వులో గొబ్బెమ్మ పెట్టుకోవాలి కాబట్టి రేకలు కొంచెం పెద్దగా వెయ్యండి. ఆవుపేడ ముద్ద గట్టిగా చేసి, పసుపూ కుంకుమా పెట్టి, పైన గుమ్మడిపువ్వు గుచ్చితే ఆ పసుపుకీ ముగ్గు తెలుపుకీ వాకిలి వెలిగిపోతుంది. గుమ్మడిపువ్వు దొరక్కపోతే బంతిపువ్వు, కడియం వైపు నించి వచ్చే బంతిపూలకి ఈ నెలలో కొదవేముంది. హరిదాసు చిడతలు వాయించుకుంటూ వచ్చేసరికి ముగ్గు అయిపోయి ఉండాలని మా అత్తయ్యగారి పట్టు, పిల్లలు దోసిట్లో బియ్యం పట్టుకుని ముగ్గు తొక్కకుండా అంచు వెంట వెళ్లి ఆయన అక్షయపాత్రలో పోస్తారు. సాయంత్రం ఆ గొబ్బెమ్మలు తీసి పిడకలు కొట్టి గోడకి ఆరబెట్టడం మర్చిపోకండి, భోగి మంటకి అవే కావాలి.

24 రాత్రికి మాత్రం ఆకులు వద్దు, నక్షత్రం ఒక్కటే, కింద ఒక తోక గీసి రెండు వైపులా గంటలు. మా ఎదురింటి పిన్నిగారు ఏటా వేసేది ఇదే, ఇంటి మీద కాగితం స్టార్ వెలుగుతూ ఉంటే కింద వాకిట్లో ముగ్గు స్టార్, క్యారల్స్ వాళ్లు గిటారూ డప్పులూ పట్టుకుని వచ్చి దాని చుట్టూనే నుంచుని పాడతారు. ఆవిడ చిన్నప్పట్నించీ నరసాపురం లేసు అల్లిన మనిషి, లెక్క వేళ్లలోనే ఉంటుంది, పుల్లా గిల్లా ఏమీ అక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే గులాబీ పువ్వుల పిండివంటా కేకూ పళ్లెంలో పెట్టుకుని వస్తూ "ఏమ్మా, స్టారు కుదిరిందా" అని అడుగుతుంది. మేం సంక్రాంతికి అరిసెలతో ఆ పళ్లెం తిరిగిస్తాం, ఖాళీ పళ్లెం ఇవ్వకూడదు కదా.

31 రాత్రి రంగులు. ఇది ఆడవాళ్ల ఒక్కరి పని కాదు, వీధిలో అందరూ మేలుకునే ఉంటారు, మగవాళ్లని లైటు పట్టుకోమనండి, నీళ్ల బకెట్టు మొయ్యమనండి, మా ఆయనైతే ఇంగ్లీషు అక్షరాల్లో హ్యాపీ న్యూ ఇయర్ రాయడం తన డ్యూటీ అని ముందే చెప్పేస్తారు, నిజంగా బాగా రాస్తారు కూడా. రాత్రి మంచు పడుతుంది కాబట్టి రంగు ఉత్తిగా చల్లితే ముద్దలు కట్టేస్తుంది. సన్నటి గోదావరి ఇసుక పొడిగా జల్లించుకుని రంగులో కలపండి, వేళ్లలోంచి జారుగా పడుతుంది, రంగు కూడా తక్కువ పడుతుంది. ముందు లోపలి రేకలు నింపి బయటికి రండి, చివర్లో తెల్లగీత ఇంకోసారి పైనించి దిద్దండి, అప్పుడే అంచులు కొట్టొచ్చినట్టు కనపడతాయి.

ఈ వారం పని ఇది. మూడు పొద్దులు చుక్కలు మాత్రమే పెట్టి పుల్లతో సరిచూసుకోండి, గీతలు వద్దు, తుడిచేసి మళ్లీ పెట్టండి. తర్వాతి రెండు రోజులు రెండు త్రికోణాలు. ఆకులూ తామరపువ్వూ ఆ తర్వాత. అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు బాల్కనీ గచ్చు మీద సుద్దముక్కతో వేసుకోండి, జానెడు బదులు బెత్తెడు పుల్ల చాలు.

వచ్చే పాఠం మెలికల ముగ్గు, చుక్కల మీంచి కాకుండా చుక్కల చుట్టూ తిరిగేది. దానికి మళ్లీ ఎదురు చుక్కలే కావాలి, కాబట్టి రెండో పాఠం ఒకసారి తిరగెయ్యండి. పిల్లలకి ముందే ఒక లెక్క ఇచ్చి ఉంచండి, సాదా మెలికల్లో అడ్డం 3 నిలువు 4 చుక్కలు పెడితే మొత్తం ముగ్గు ఒకే గీతతో చెయ్యి ఎత్తకుండా వచ్చేస్తుంది, అదే 4కి 4 పెడితే నాలుగు విడివిడి గీతలు కావాలి. 4కి 6 పెడితే ఎన్ని కావాలో గ.సా.భా. నేర్చుకున్న పిల్లల్ని అడగండి, ఏం చెప్పారో కాగితం మీద రాసి ఉంచుకోండి, వాకిట్లో వేసి చూద్దాం.