సార్వాకి ముందు టిల్లర్ ఇంజన్ విప్పి కడుతున్నారా? ముందు ర్యాక్ పిన్ను చూడండి

మొన్న పక్క ఊళ్ళో పాత పవర్ టిల్లర్ ఇంజన్‌కి కొత్త లైనర్, పిస్టన్ వేసి కట్టారు. హ్యాండిల్ రెండు చుట్లు తిప్పేసరికి అందుకుంది. అందుకోవడం ఏమిటి, రేస్ అలా పెరుగుతూనే పోయింది. యాక్సిలరేటర్ తగ్గించినా తగ్గలేదు, ఆఫ్‌లో పెట్టినా ఆగలేదు. చివరికి కనెక్టింగ్ రాడ్డు బ్లాకుని పగలగొట్టుకుని బయటికొచ్చింది. అందరూ పరిగెత్తారు కాబట్టి సరిపోయింది. పొద్దున కొన్న సామాను సాయంత్రానికి పాత ఇనుము అయింది.

కాలవలకి నీళ్ళు వదిలేలోపు దమ్ముకి బండి సిద్ధం కావాలని ఇప్పుడు ప్రతి పాకలోనూ ఓ ఇంజన్ విప్పి ఉంటుంది. సామాను కడిగి పెట్టుకోండి, నట్లు డబ్బాలో వేసుకోండి లాంటివి మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్క తప్పు గురించే.

ఫ్యూయల్ పంపులో ర్యాక్ అని చిన్న కడ్డీ ఉంటుంది. ఒకవైపు జరిగితే డీజిల్ ఎక్కువ, రెండోవైపు జరిగితే తక్కువ, ఆ చివరిదాకా వెళ్తే బంద్. దాని పిన్ను, ఇంజన్ వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్ లివర్ చీలికలో కూర్చోవాలి. పంపు తిరిగి బిగించేటప్పుడు పిన్ను చీలికలో పడకుండా పక్కకి తప్పుకుంటే, బయటికి ఏమీ తెలీదు. పంపు కూర్చున్నట్టే ఉంటుంది, నట్లు బిగుస్తాయి, ఇంజన్ స్టార్టవుతుంది కూడా. కానీ ర్యాక్‌ని వెనక్కి లాగే దిక్కు ఉండదు, రేస్ పెరుగుతూనే పోతుంది.

మన దగ్గర ఎక్కువగా తిరిగే 13 హార్స్‌పవర్ ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లకి చేసింది. వేగం రెట్టింపైతే ఫ్లైవీల్‌ని, అంటే ఇంజన్ పక్కనుండే బరువు చక్రాన్ని, చీల్చే బలం నాలుగు రెట్లవుతుంది. పోత ఇనుము సాగదు, పగులుతుంది.

పంపు బిగించాక యాక్సిలరేటర్‌ని అటూ ఇటూ కదిపి, చూడ్డానికి మూత ఉన్న ఇంజన్‌లో ఆ మూత తీసి, టార్చి వేసి ర్యాక్ కదులుతోందో లేదో కళ్ళతో చూడండి. మూత లేకపోతే ఇంకో దారి ఉంది. నాజిల్ దగ్గర పైపు నట్టు వదులు చేసి, హ్యాండిల్ తేలిగ్గా తిరిగేలా డీకంప్రెషన్ లివర్ ఎత్తి, యాక్సిలరేటర్ ఆఫ్‌లో పెట్టి హ్యాండిల్ తిప్పండి. డీజిల్ రాకూడదు. ఆన్‌లో పెట్టి తిప్పితే రావాలి. ఆఫ్‌లో కూడా వస్తోందంటే పిన్ను బయటే ఉంది, పంపు మళ్ళీ విప్పాల్సిందే. పది నిమిషాల పని. “ఇన్నేళ్ళ నుంచి కడుతున్నాను, నాకు తెలీదా” అనేవాళ్ళ దగ్గరే ఇది ఎక్కువగా చూశాను.

మిగతావాటిలో కనెక్టింగ్ రాడ్డుది రెండో స్థానం. రాడ్డు మీద, దాని క్యాప్ మీద ఉన్న గుర్తులు ఒకే వైపుకి రావాలి. తిరగేసి బిగిస్తే బేరింగ్ పట్టేస్తుంది. బిగింపు అంచనా మీద కాదు, టార్క్ పానాతో, ఆ ఇంజన్ పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం. పాత స్ప్లిట్ పిన్నులు, పాత లాక్ వాషర్లు మళ్ళీ వాడకండి. నాలుగు రూపాయల మిగులు అది.

టైమింగ్ గేర్ల గుర్తులు కలిశాయో లేదో మూత వేసే ముందు ఇంకొకరి చేత కూడా చూపించండి. పిస్టన్ రింగుల సందులు ఒకే వరుసలో పెట్టకండి. హెడ్ నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి.

ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌లో గుర్తు దాటి ఆయిల్ పోయకండి. ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చుకుని రేస్ అందుకుంటుంది, అప్పుడు డీజిల్ కట్టేసినా ఆగదు.

ఇంక స్టార్ట్ చేసే రోజు.

పిన్ను చూశారా? మళ్ళీ చూడండి.

గాలి పీల్చే మూతి మీద పెట్టడానికి మందపాటి చెక్క ఒకటి దగ్గర పెట్టుకోండి. రేస్ దాటితే దాంతో మూయాలి. చెయ్యి పెట్టకండి, గుడ్డ అసలే వద్దు, లోపలికి లాగేసుకుంటుంది. డీజిల్ కాక్ కట్టేస్తే వెంటనే ఆగుతుందనుకోకండి, పైపులో ఉన్నది అయ్యేదాకా తిరుగుతుంది.

ఫ్లైవీల్‌కి పక్కగా నిలబడండి, దాని అంచు వరుసలో ఎవరూ ఉండకూడదు. పిల్లల్ని పాక దగ్గరికి రానివ్వద్దు.

హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ళ వైపే ఉంచండి. ఎదురు తన్నితే పోయేది మణికట్టు.

లుంగీతో వద్దు. మెడలో తువాలు వద్దు.

నాజిల్ స్ప్రే చేత్తో పట్టి చూడకండి. డీజిల్ చర్మంలోపలికి దిగుతుంది, పైకి సూదిపోటంత గుర్తే కనిపిస్తుంది. దిగిందా, నొప్పి లేకపోయినా అదే గంటలో ఆస్పత్రికి.

మూసిన పాకలో నడపద్దు. బయటికి తోయండి.

బెల్టులు తీసేసి నడపండి. ఆయిల్ సూచిక లేవకపోతే వెంటనే ఆపండి. నీళ్ళు కాగుతుండగా హాపర్ (ఇంజన్ మీది నీళ్ళ తొట్టి) మూత తియ్యకండి.

పిన్ను చూడనివాడికి హ్యాండిల్ ఇవ్వకండి, వాడు ఎంత పెద్ద మేస్త్రీ అయినా సరే.

అరగంట తక్కువ రేస్‌లో నడిపి ఆపండి. పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు పుస్తకం ప్రకారం మరోసారి చూసుకుని, అప్పుడు బెల్టులు వేయండి.