మాఘమాసం ముహూర్తాలకు ముందే మెమరీ కార్డు నింపి చూసుకోండి

కావలి దగ్గర ఒక పెళ్లి. రాత్రి ఎనిమిదికి రిసెప్షన్, తెల్లవారుజామున ముహూర్తం. వీడియో కెమెరాలో కొత్త కార్డు వేశాను, దాని మీద 128 జీబీ అని ముద్ర ఉంది. రాత్రంతా తెర మీద ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. ఇంకా బోలెడు జాగా ఉన్నట్టే చూపించింది. మర్నాడు కంప్యూటర్‌లో పెడితే రిసెప్షన్ చక్కగా వచ్చింది. తర్వాతి ఫైళ్లకు పేర్లున్నాయి, సైజులున్నాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. జీలకర్ర బెల్లం లేదు, మంగళసూత్రధారణ లేదు, తలంబ్రాలు లేవు.

వారం తర్వాత పెళ్లికూతురి తల్లి వచ్చింది. "మిగతావి లేకపోయినా పర్లేదు నాయనా, మా పాప మెళ్లో తాళి పడేది ఒక్కటి చూపించు చాలు" అంది. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎవరో చుట్టాలబ్బాయి ఫోన్‌లో తీసిన నలభై సెకన్ల ముక్క దొరికితే అదే వీడియోలో కలిపాను. తీసుకున్న డబ్బు వెనక్కిచ్చేశాను.

పుష్యమాసంలో ముహూర్తాలు ఉండవు. మాఘం వచ్చిందంటే నెల్లూరు, ఒంగోలు మండపాల్లో ఒక్కరోజు కూడా ఖాళీ దొరకదు. కొత్తగా కెమెరా పట్టిన తమ్ముళ్లు ఈ ఖాళీలోనే కార్డుల సంగతి తేల్చుకోవాలి.

నా కార్డులో నిజంగా ఉన్నది 32 జీబీ. లోపలి చిప్పుకి 128 అని అబద్ధం నేర్పి, పేరున్న కంపెనీ లేబుల్ అంటించి అమ్మారు. కెమెరా అడిగితే కార్డు 128 అనే చెబుతుంది, కెమెరా నమ్ముతుంది. అసలు జాగా నిండాక వచ్చేదంతా ఎక్కడా పడదు, లేదా పాతదాని మీదే పడుతుంది. ఫైళ్ల జాబితా కార్డు మొదట్లో రాసుకుంటుంది కాబట్టి పేర్లు మాత్రం కనపడతాయి. అప్పట్లో నేను తీసే హెచ్‌డీ వీడియో సెకనుకు 50 మెగాబిట్లు (ఎనిమిది బిట్లు ఒక బైట్), అంటే గంటకు 22.5 జీబీ. ఆ లెక్కన 32 జీబీ గంటన్నర లోపే నిండింది. మన పెళ్లిళ్లలో ముందు రిసెప్షన్, అసలు ఘట్టం తెల్లవారుజామున. కార్డులో లేని జాగాలోకి వెళ్లింది సరిగ్గా ఆ ఘట్టమే. ఇంట్లో నాలుగు ఫొటోలు తీసి "బాగానే ఉంది" అనుకుంటే ఈ మోసం ఎన్నటికీ బయటపడదు. నిండా నింపితేనే పడుతుంది.

అందుకని కొత్త కార్డు ఏదైనా సరే, ఎంత నమ్మకమైన చోట కొన్నా సరే, మొదటి రోజే నింపి చూడాలి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3 అనే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, రెండూ ఉచితమే. కార్డు ఖాళీగా పెట్టి నడిపితే అంచు దాకా డేటా రాసి, మళ్లీ చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని సరిచూస్తాయి. కార్డు, రీడర్ వేగాన్ని బట్టి గంటో రెండు గంటలో పడుతుంది. నేను రాత్రి భోజనానికి ముందు పెట్టేసి పడుకునే ముందు చూస్తాను. ఒక్క తప్పు చూపించినా ఆ కార్డు వెనక్కి పోవాల్సిందే. వెనక్కి పోవాలంటే బిల్లు ఉండాలి. బిల్లు ఇవ్వనన్న చోట, వందో రెండొందలో తగ్గుతుందని ఆశపడి కొనకండి. నేను చేసిన తప్పు అదే. ఆన్‌లైన్‌లో అయితే అమ్మేది ఎవరో చూసుకుని, కంపెనీ సొంత స్టోర్ లేదా అధీకృత డీలర్ అయితేనే ఆర్డర్ పెట్టండి.

ఒక అనవసరపు భయం కూడా తీర్చాలి. 128 జీబీ కార్డు కంప్యూటర్‌లో 119 అని చూపిస్తే అది మోసం కాదు. కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి, అంతే తేడా.

వేగం విషయంలో కార్డు మీద పెద్దక్షరాల్లో ఉండే అంకెను నమ్ముకోవద్దు. అది ఎక్కువగా చదివే వేగం. మనకు కావాల్సింది రాసే వేగం. దానికి చిన్న గుర్తులున్నాయి: యూ3 లేదా వీ30 ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు, వీ60 ఉంటే 60, వీ90 ఉంటే 90. 100 మెగాబిట్ల 4కె వీడియోకు సెకనుకు 12.5 మెగాబైట్లే కావాలి, వీ30 హాయిగా సరిపోతుంది. 400 మెగాబిట్లలో తీసేవాళ్లకు 50 కావాలి కాబట్టి వీ60 తప్పదు. అంత అవసరం లేకుండా వీ90 కొనడం కన్నా ఆ డబ్బుతో ఇంకో మంచి కార్డు కొనుక్కోవడం మేలు.

పెళ్లంతా ఒకే పెద్ద కార్డులో పెట్టొద్దు. 4కెలో గంటకు 45 జీబీ అనుకుంటే 64 జీబీ కార్డు సుమారు 85 నిమిషాలు వస్తుంది. ముహూర్తానికి ముందు కార్డు మార్చేయండి, నిండకపోయినా సరే. కెమెరాకు రెండు స్లాట్లుంటే రెండింట్లోనూ ఒకటే రికార్డయ్యేలా పెట్టుకోండి. నేనిప్పుడు ఒకే స్లాట్ ఉన్న కెమెరాతో ముహూర్తం తీయడం లేదు.

డ్రోన్‌కు, ఫోన్‌కు, చేతిలో పట్టుకునే వాయిస్ రికార్డర్‌కు వాడే మైక్రో కార్డులకూ పరీక్ష ఇదే. వీటిలోనూ నకిలీలుంటాయి. ఆ మైక్రో కార్డును అడాప్టర్‌లో దూర్చి పెద్ద కెమెరాలో వాడే అలవాటు మానుకోండి, మధ్యలో ఇంకో కాంటాక్ట్ పెరిగితే ఇంకో ఇబ్బంది పెరిగినట్టే. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లలో ప్రీవెడ్డింగ్ తీసేటప్పుడు నీళ్ల పక్కన కార్డు తలుపు తెరవొద్దు. కారులోకి వచ్చి, చేతికి అంటిన ఇసుక తుడుచుకుని మార్చండి.

ఫార్మాట్, అంటే కార్డు మొత్తం చెరిపి కొత్తగా సిద్ధం చేయడం, ఎప్పుడూ కెమెరాలోనే కొట్టండి. పొరపాటున ఫార్మాట్ అయినా, మంచి కార్డు మధ్యలో ఎర్రర్ ఇచ్చినా ఆ క్షణమే దాన్ని తీసి పక్కన పెట్టండి. మళ్లీ దాని మీద ఒక్క ఫొటో కూడా తీయకపోతే ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు బయటికి తీయొచ్చు. నకిలీ కార్డులో ఎక్కడా పడని వీడియోను మాత్రం ఎవరూ తీయలేరు. నేను చెన్నై దాకా వెళ్లి అడిగి వచ్చాను.

నిండిన కార్డులు నా పర్సులో లేబుల్ లోపలికి తిప్పి ఉంటాయి, ఖాళీవి బయటికి. అరమోడ్పు కళ్లతో తెల్లారి నాలుగింటికి తీసినా పొరపాటు జరగదు. ఇంటికొచ్చాక రెండు హార్డ్ డిస్కుల్లోకి డంప్ చేసి, ముహూర్తం క్లిప్ రెండింట్లోనూ తెరిచి చూసి, అప్పుడు పడుకుంటాను. రెండో డిస్క్ మా అక్క వాళ్లింట్లో బీరువాలో ఉంటుంది. పెళ్లివారికి ఆల్బమ్ చేతికి అందేదాకా దాన్ని అక్కడి నుంచి కదిలించను.