శనక్కాయ పుట్టింటి వైపు: లిమాలో తీరికగా రెండు రోజులు

అనంతపురం నుంచి పెరూ రాజధాని లిమాకు పనిగట్టుకుని వెళ్ళేవారు అరుదు. అమెరికాలో కొడుకు దగ్గరో కూతురు దగ్గరో కొన్ని నెలలు ఉండడానికి వెళ్ళి, ఒక శని, ఆదివారాలు దక్షిణ అమెరికా కూడా చూసి వద్దామనుకునే తల్లిదండ్రులే ఎక్కువ. ఈ సూచనలు ముఖ్యంగా వారి కోసం, అంటే మోకాళ్ళను చూసుకుంటూ నడవాల్సినవారి కోసం రాసినవి. మయామి నుంచి ఆరు గంటలలోపే విమానం లిమాలో దిగుతుంది. పెరూ అనగానే అందరూ కుస్కో, మాచు పిచ్చు పేర్లే చెబుతారు గానీ, కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. అక్కడ దిగిన మొదటి రోజు ఆయాసంతో, తలనొప్పితో గడిచిపోయేవారు చాలామంది. లిమా సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి ఆ బాధ లేదు. చేతిలో ఉన్నవి రెండు రోజులే అయితే లిమా దాటి వెళ్ళవద్దు.

అమెరికా వీసా, యూరప్ దేశాల షెన్‌గెన్ వీసా వంటివి ఉన్న భారతీయులకు పెరూ కొన్ని షరతులతో వీసా మినహాయింపు ఇస్తోంది. మీ వీసాకు ఇంకా ఎంత గడువు మిగిలి ఉందన్నది ఆ షరతులలో ముఖ్యమైనది కనుక, టికెట్టు కొనకముందే పెరూ రాయబార కార్యాలయం నియమాలను సరిచూసుకోవాలి.

వెళ్ళడానికి డిసెంబరు నుంచి మార్చి వరకు మంచి కాలం. మనకు చలికాలమైతే వారికి అది వేసవి. జూన్ నుంచి అక్టోబరు వరకు ఆకాశం బూడిద రంగు దుప్పటి కప్పుకున్నట్టుంటుంది, అప్పుడప్పుడూ గరూవా అనే సన్నని తుంపర ముఖానికి తగులుతుంది, అంతకు మించి వాన ఉండదు. కరువు సీమ అని పేరుపడిన మన అనంతపురంలో ఏడాదికి 500 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. లిమాలో ఏడాది మొత్తానికి కురిసేది కొద్ది మిల్లీమీటర్లే. తీరం వెంబడి దక్షిణం నుంచి వచ్చే చల్లని హంబోల్ట్ సముద్ర ప్రవాహం గాలిని చల్లబరచడం వల్ల మబ్బు పడుతుంది గానీ, అది పైకి లేచి వానగా మారదు. నగరం అంచున ఉన్న కొండలపై వలలు కట్టి పొగమంచు నుంచి నీళ్ళు పట్టుకునేవారు కూడా ఉన్నారు. కాబట్టి గొడుగు బరువు వద్దు, పల్చని స్వెటర్ ఒకటి చాలు.

బస మీరాఫ్లోరెస్ అనే పేటలో చూసుకోవాలి. సముద్రానికి దగ్గర, కాలిబాటలు వెడల్పు, రాత్రి భోజనం చేసి నాలుగు అడుగులు వేయడానికి వీలైన చోటు. అక్కడి నుంచి పాత నగరానికి మెట్రోపొలీతానో బస్సు ఉంది; దానికి ప్రత్యేకమైన దారి ఉన్నందున మిగతా వాహనాల మధ్య చిక్కుకోదు, స్టేషనులో కార్డు కొని డబ్బు వేయించుకుంటే చాలు. వీధి టాక్సీలకు మీటరు ఉండదు కనుక ఎక్కకముందే ధర తేల్చుకోవాలి. యాప్‌లో పిలిచే కారు మేలు. వాహనాలు కుడివైపున నడుస్తాయి, కాబట్టి రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలి. గోడల మీద ఆకుపచ్చ రంగులో పెద్ద ఎస్ అక్షరం కనిపిస్తే, భూకంపం వచ్చినప్పుడు నిలబడవలసిన చోటు అదేనని అర్థం.

శనివారం ఉదయాన్నే పాత నగరం చూడడం మంచిది. 1535 జనవరి 18న స్పెయిన్ సేనాని ఫ్రాన్సిస్కో పిసార్రో ఈ నగరానికి పునాది వేశాడు. 1541లో ఇక్కడే హతుడయ్యాడు. ప్రధాన కూడలిలోని కెథెడ్రల్‌లో అతని సమాధి ఉంది. చుట్టుపక్కల వీధుల్లో గోడల నుంచి ముందుకు పొడుచుకువచ్చిన చెక్క బాల్కనీలు చూస్తూ నెమ్మదిగా నడిస్తే శాన్ ఫ్రాన్సిస్కో మఠం వస్తుంది. దాని కింద ఉన్న నేలమాళిగల్లో మనుషుల ఎముకలను వృత్తాలుగా పేర్చి పెట్టారు. లోపల ఇరుకు, కప్పు తక్కువ ఎత్తు, మెట్లు కూడా ఉన్నాయి. ఓపిక లేనివారు పైనున్న పాత గ్రంథాలయం చూసి బయటికి వచ్చేయవచ్చు, నష్టమేమీ లేదు.

మధ్యాహ్నం మొత్తం లార్కో మ్యూజియానికే కేటాయించాలి. 1926లో స్థాపించిన ఈ మ్యూజియం ప్వెబ్లో లీబ్రె ప్రాంతంలో, కాగితపు పూల తీగలు అల్లుకున్న పాత భవంతిలో ఉంది. బంగారు నగల గదుల దగ్గరే సమయమంతా గడిపేసి, వేల కుండలు దాచిన నిల్వ గదుల వైపు వెళ్ళకుండా తిరిగి వచ్చేవారు ఉంటారు, అది పొరపాటు. అద్దాల బీరువాలలో నేల నుంచి కప్పు దాకా మట్టిపాత్రలు, ఒకచోట జంతువులు, మరొకచోట పంటలు, ఇంకొకచోట మనుషుల ముఖాలు. పెరూ ఉత్తర తీరపు ప్రాచీనులైన మోచే ప్రజలు సుమారు 1,700 ఏళ్ళ కిందట మట్టితో చేసిన శనక్కాయలు ఈ మ్యూజియం సేకరణలో ఉన్నాయి, చూడగానే గుర్తుపట్టగలిగేంత తీరుగా చేసినవి. ఆషాఢంలో ఆకాశం వైపు చూస్తూ శనక్కాయ విత్తనం చేతిలో పట్టుకుని కూర్చున్న ఇంట్లో పుట్టినవారు ఆ మట్టి శనక్కాయల ముందు ఎంతసేపు నిలబడతారో నేను చెప్పనక్కర్లేదు. ఆ పంట ఈ ఖండం నుంచే మన ఎర్రనేలకు వచ్చింది. మిరపకాయ, టమాటా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే; అవి రాకముందు మన ఊరిబిండి అనే రోటి పచ్చడి ఎలా ఉండేదో ఊహించుకోవడమే కష్టం. అన్నట్టు, స్పానిష్‌లో శనక్కాయను మనీ అంటారు. మన రైతుకు చేతికి రానిది అదే.

శాకాహారులు భోజనం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. "సిన్ కార్నె", అంటే మాంసం లేకుండా, అని ఒక హోటల్లో చెప్పి నిశ్చింతగా కూర్చున్న నాకు అన్నంలో కోడి ముక్కలు వచ్చాయి. అక్కడ కార్నె అంటే చాలామందికి పశుమాంసమే గుర్తుకొస్తుంది. అందువల్ల "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మాంసం, కోడి, చేప మూడింటినీ విడివిడిగా వద్దనాలి. చీఫా అనే చైనా తరహా హోటళ్ళలో కూరగాయలతో చేసిన చౌఫా అన్నం అడగవచ్చు. ఊదా మొక్కజొన్నతో కాచే చీచా మొరాదాలో మత్తు ఉండదు. చీచా దె హోరా మాత్రం పులియబెట్టినది. కుళాయి నీళ్ళు తాగవద్దు.

ఆదివారం ఉదయం మీరాఫ్లోరెస్ సముద్రపు గట్టు మీద నడిచి, తరువాత ఊరి మధ్యలోనే ఉన్న వాకా పుక్యానాకు వెళ్ళాలి. క్రీస్తుశకం 200 నుంచి 700 మధ్య ఈ నగరం పుట్టకముందే ఇక్కడ బతికిన, లిమా సంస్కృతి అని పిలిచే ప్రజలు కట్టిన పచ్చి ఇటుకల గుడి దిబ్బ ఇది. ఇటుకలను పడుకోబెట్టకుండా అలమారలో పుస్తకాల మాదిరి నిలువుగా, మధ్య మధ్య సందు విడిచి పేర్చారు. భూమి కదిలినప్పుడు గోడ పగలకుండా ఇటుకలు కొద్దిగా కదులుతాయి. ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడు పరిచే మన పల్లెల వారికి, పచ్చి ఇటుక ఇన్ని వందల ఏళ్ళు నిలవడంలో కట్టినవారి తెలివి ఎంత, వాన లేకపోవడం ఎంత అన్నది చూడగానే అర్థమవుతుంది. గైడుతోనే లోపలికి పంపుతారు. నీడ తక్కువ, టోపీ తప్పనిసరి.

మధ్యాహ్నం కాసేపు కునుకు తీసి, సాయంత్రం బర్రాంకో అనే పేటకు చేరుకోవాలి. 1876లో కట్టిన నిట్టూర్పుల వంతెనను మొదటిసారి ఊపిరి బిగబట్టి దాటితే కోరిక తీరుతుందని అక్కడివారి నమ్మకం. మన తీరంలో సముద్రంలోంచి లేచే సూర్యుడు ఇక్కడ సముద్రంలోకి దిగుతాడు. వీధి పక్కన పికరోనెస్ వేయించే బండి కనిపిస్తే ఆగాలి: గుమ్మడికాయ, చిలగడదుంప కలిపిన పిండిని తడి చేత్తో తీసి, వేలితో మధ్యలో చిల్లు పెట్టి, నూనెలో వేసి పుల్లతో తిప్పుతారు, ఆపైన బెల్లం పాకం పోస్తారు. చూపుకు వడ, రుచికి మన పండగ పిండివంటల చుట్టం. వేడి మీదే తినాలి.

మ్యూజియంలో చూసిన మమకారంతో అంగడిలో పచ్చి శనక్కాయ గింజలు విత్తనానికని మూటగట్టుకోవద్దు. అమెరికా తిరిగి చేరినప్పుడు మొక్కలు, విత్తనాలు ఏవి ఉన్నా కస్టమ్స్ వారికి చెప్పి తీరాలి. వేయించిన పొట్లమైనా సరే, ముందే చెప్పి తీసుకుపోవడం మంచిది.