తూకానికి పోయే ప్లేట్లు: బరంపురంలో ఎల్పీలు ఏరుకోవడం ఎలా

ఎల్పీలంటే పాటల నల్ల రికార్డులు. మా బరంపురంలో పెద్దవాళ్ళు వీటిని ఇప్పటికీ ప్లేట్లనే అంటారు. మా నాన్నకి గిరి రోడ్డులో రేడియో రిపేరు కొట్టు ఉండేది. ఇప్పుడది నాది, మిక్సీలూ ఇన్వర్టర్లూ బాగుచేస్తాను. కొట్టు వెనక గదిలో ఆరొందల దాకా ప్లేట్లున్నాయి. సగం ఇంగ్లీషు ఫోక్, రాక్. మిగతా సగం బుర్రకథలు, నాటక పద్యాలు, కొన్ని ఒడియా జగన్నాథ భజనలు. ఈ మధ్య కాలేజీ కుర్రాళ్ళు వచ్చి "అన్నా, ఎక్కడ మొదలెట్టాలి?" అని అడుగుతున్నారు. చెప్పిందే చెప్పి విసుగొచ్చింది, అందుకే రాసి పెడుతున్నాను.

ఫోక్, రాక్ ఒకే అరలో ఎందుకు పెట్టావని కూడా అడుగుతారు. 1965లో అమెరికాలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్లో ఫోక్ గాయకుడు బాబ్ డిలాన్ ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని స్టేజీ ఎక్కితే జనంలో కొందరు గోల చేశారు. ఆ రెంటి మధ్య గోడ అప్పుడే పడిపోయింది. మళ్ళీ నా గదిలో నేనెందుకు కట్టడం?

ముందు, ఎక్కడ దొరుకుతాయి. కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్ అందరికీ తెలిసిందే. ఇక్కడ రాత్రి రైలెక్కితే పొద్దున్నే హౌరాలో దిగొచ్చు. కానీ అక్కడివాళ్ళకి ధరలు బాగా తెలుసు, మనకి మిగిలేదేమీ ఉండదు. నా ప్లేట్లలో మంచివన్నీ ఊళ్ళోనే దొరికాయి. 80ల్లో క్యాసెట్లు రాగానే ప్లేయర్లతో పాటు ప్లేట్లూ అటకెక్కాయి. మెడికల్ కాలేజీ డాక్టర్లు, రైల్వే ఆఫీసర్లు, గోపాల్‌పూర్ మిలిటరీవాళ్ళు ఒకప్పుడు కొనుక్కున్నవి. ఎవరైనా పాత ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే కబాడీవాడి కంటే ముందు వెళ్ళాలి.

రెండేళ్ళ కిందట అలాగే ఓ ఇంటికి వెళ్ళాను. మామ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు, పక్కన రెండు అట్టపెట్టెలు.

"ఇవి పనికొస్తాయా బాబూ? కబాడీవాడు కిలో ఎనిమిదన్నాడు."

"అట్టకి ఎనిమిది, మామ్మగారూ. లోపలున్నదాని లెక్క వేరు."

ముప్పై ఒక్క ప్లేట్లకి తలా నూట యాభై ఇచ్చాను. కొట్టేయాలంటే యాభైకే వచ్చేవి. కానీ ఆ తరవాత అదే వీధిలో ఇంకో రెండిళ్ళవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పిలిచారు.

ఇప్పుడు అసలు సంగతి. కవరు చూసి కొనకండి, ప్లేటు చూసి కొనండి. చూడటానికి అయిదు నిమిషాలు పడుతుంది, అమ్మేవాడు విసుక్కున్నా సరే. ప్లేటుని అంచునీ మధ్య లేబులునీ మాత్రమే పట్టుకుని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి వాలుగా పట్టండి. పైనుంచి పడే ట్యూబ్‌లైటు కింద అన్నీ కొత్తవాటిలాగే కనిపిస్తాయి, పక్క వెలుతురులోనే గుట్టు బయటపడుతుంది. వెంట్రుకల్లాంటి సన్న గీతలు పరవాలేదు, చాలావరకు వినపడవు. చేతి వేలిని చాలా తేలిగ్గా ఆనిస్తే తగిలే గీత మాత్రం వినపడుతుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకి 1.8 సెకన్లు. ప్లేటు మీద పిన్ను నడిచే సన్న కాలవలే గాళ్ళు. ఆ గీత ఎన్ని గాళ్ళని అడ్డంగా కోసిందో అన్నిసార్లు, 1.8 సెకన్లకోసారి 'టక్' మంటుంది. గిటారొక్కటే మెల్లగా వాయించే ఫోక్ పాటలో ఆ టక్కు ప్రాణం తీస్తుంది. డ్రమ్స్ హోరెత్తే రాక్‌లో అదే గీత కలిసిపోతుంది. అందుకే ఫోక్ ప్లేటు దగ్గర నేను పిసినారిని, రాక్ ప్లేటు దగ్గర కాస్త ఉదారంగా ఉంటాను.

తరవాత మధ్య కన్నం చుట్టూ లేబులు చూడండి. ప్లేటు పెట్టేటప్పుడు కన్నం దొరక్క ప్లేయర్ మధ్య మేకు మీద తడుముతారు కదా, ఆ గీతలు లేబులు మీద మిగిలిపోతాయి. సాలెగూడులా ఉన్నాయంటే ఆ ప్లేటుని బాగా అరగదీశారు. గాళ్ళు నల్లగా మెరవకుండా బూడిద రంగు తిరిగి ఉంటే అసలు వద్దు. బరువైన పిన్నుతో అరిగిపోయిన గాడిని ఎన్ని కడుగుళ్ళు కడిగినా తిరిగి రాదు. చివరగా కంటి ఎత్తులో అడ్డంగా పట్టి వంపు చూడండి. కొంచెం వంపుంటే పిన్ను ఎక్కి దిగిపోతుంది. అప్పడంలా ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. రెండు గాజు పలకల మధ్య పెట్టి ఎండలో ఉంచితే సాఫవుతుందని చెప్పేవాళ్ళుంటారు. నేను విని ఒకటి పోగొట్టుకున్నాను.

ఏ ముద్రణ కొనాలన్నదాంట్లో నా మాట మొండిగా ఉంటుంది. కవరు వెనక అడుగున సన్న అక్షరాల్లో 'గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా, డమ్‌డమ్' అని ఉంటే అది కలకత్తా పక్క ఫ్యాక్టరీలో అచ్చయినది. బొమ్మ కాస్త మసగ్గా ఉంటుంది, రెండు మడతల కవరు ఒక్క మడతకి తగ్గిపోయి ఉండొచ్చు, చప్పుడు కొంచెం ఎక్కువ. అయినా మొదట అవే కొనండి. విదేశీ ప్లేటు ఒక్కటి కొనే డబ్బుతో అయిదారొస్తాయి, చెవి వాటి మీదే తయారవుతుంది.

బ్రిటన్‌లో అచ్చయిన ఈఎంఐ అనే రికార్డు కంపెనీ ప్లేటు దొరికితే మాత్రం చివరి గాడికీ లేబులుకీ మధ్య నున్నటి జాగా చూడండి, చిన్న అక్షరాలు గుద్ది ఉంటాయి. మన బట్టల కొట్లలో అసలు ధరని అక్షరాల్లో రాసుకుంటారే, అదే పద్ధతి. గ్రామఫోన్ లిమిటెడ్ అన్న కంపెనీ పేరులోంచే పది అక్షరాలు తీశారు: జి, ఆర్, ఎ, ఎం, ఓ, పి, హెచ్, ఎల్, టి, డి. జి అంటే 1, ఆర్ అంటే 2, అలా టి వరకు 9, డి అంటే సున్నా. 'ఆర్ఎ' ఉంటే ఇరవై మూడో అచ్చు దిమ్మతో తీసింది. అంకె చిన్నదైన కొద్దీ ముందు తీసిన ప్లేటు. మొదటిసారి ఇది చదవగలిగిన రోజు కొట్టు మూసేయడం మరిచి పది దాకా కూర్చున్నాను.

ఇంకో మాట. బీటిల్స్ పాటలు మన దేశంలో 78 స్పీడు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క ప్లేట్ల మీద కూడా వచ్చాయి. కరెంటు లేని ఇళ్ళల్లో అప్పటికింకా కీ ఇచ్చే గ్రామఫోన్లే ఉండేవి మరి. ప్రపంచమంతా వాటికోసం వెతుకుతారు. మీకు తగిలితే ముందు నాకు చెప్పండి.

కడగడం. ఎల్పీకి డిస్టిల్డ్ వాటర్ మూడు వంతులు, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతు, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. కుళాయి నీళ్ళు వద్దు, ఎండితే ఉప్పు గాళ్ళలో మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ కొట్లో అడిగేటప్పుడు జాగ్రత్త, పక్క సీసాలో యాసిడ్ ఉంటుంది. మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగే దిక్కులోనే తుడవాలి, అడ్డంగా కాదు. లేబులు తడవకూడదు. ఆఖర్న వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. ఊరు పట్టుచీరలకి పేరు కదా అని పట్టుగుడ్డ పట్టుకోకండి, పట్టుతో రుద్దితే ప్లేటుకి కరెంటు పుట్టి ఇంట్లో దుమ్మంతా దానికే పడుతుంది.

లక్క ప్లేటుకి మాత్రం ఈ మందు ముట్టించొద్దు. మా తాతగారి నాటక పద్యాల సెట్టులో ఒకదాన్ని నేను స్పిరిటుతో తుడిచాను. దూదికి నల్లగా అంటింది. ఎన్నేళ్ళ మురికో అనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. మూడో దూది కూడా నల్లగా వచ్చేసరికి అనుమానమేసింది. అది మురికి కాదు, పద్యం. లక్క ఆల్కహాల్లో కరిగిపోతుంది, ఫర్నిచర్ పాలిష్ చేసే వడ్రంగిని అడిగినా చెప్పేవాడు. 78లకి నీళ్ళు, చుక్క సబ్బు, వెంటనే ఆరబెట్టడం, అంతే.

ప్లేయర్ గురించి పెద్దగా చెప్పను. సూట్‌కేసులా మూత పెట్టే చవక ప్లేయర్లు వద్దు, వాటి పిన్ను అయిదారు గ్రాముల బరువు మోపుతుంది. మంచి ఎల్పీ పిన్నుకి రెండు గ్రాముల లోపు చాలు. నేను బంగారప్పని చేసే స్నేహితుడి దగ్గర చిన్న కాటా తెచ్చి తూచుకుంటాను. 78లకి పిన్నే వేరు, వాటి గాడి వెడల్పు.

దాచడంలో మన శత్రువు సముద్రపు గాలి. నిలువుగా నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. అర గోడకి ఆనకుండా నాలుగంగుళాలు జరపండి, చెదలు గోడ వెంటే వస్తాయి. అడుగు అర నేలకి మోకాలెత్తున ఉండాలి. ఈ కొలత నాకు ఫైలిన్ తుఫాను నేర్పింది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి వెనక గదిలో నీళ్ళు. కరెంటు లేని ఆ రోజుల్లో బట్టల తీగ మీద కవర్లు క్లిప్పులు పెట్టి ఆరేశాను. ప్లేట్లకి ఏమీ కాలేదు, కడిగితే పాడాయి. కవర్లు మాత్రం ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే ఒక గాయకుడి మొహం ఇంకొకడి వీపు మీదకి వచ్చేసింది.

పార్సిల్ తెప్పించుకుంటే అమ్మేవాడికి ఒక్కటే చెప్పండి: ప్లేటుని కవరులోంచి తీసి, కవరు వెనక విడిగా పెట్టి, రెండు వైపులా గట్టి అట్ట వేయమని. లోపలే ఉంచితే దారిలో కుదుపులకి ప్లేటు అంచు కవరు కుట్టుని చీల్చుకుని బయటకొస్తుంది. కలకత్తా నుంచి మీరే తెచ్చుకుంటుంటే బెర్తు కింద తోయకండి, అక్కడ అందరి సూట్‌కేసులూ దాని మీదే పడతాయి. తల దగ్గర గోడవారగా నిలబెట్టి, సంచి పిడిని చేతికి చుట్టుకుని పడుకోండి.