ఇద్దరు, రెండు బైకులు, బాహా దారి

శాన్ డియేగో, లాస్ ఏంజెలెస్ వైపు ఉండే మనవాళ్లలో ఎవరైనా కొత్తగా బైకు కొంటే కొన్నాళ్లకే నన్ను ఒకటే అడుగుతారు: "మెక్సికో వెళ్లొచ్చా, డేంజరా?" వెళ్లొచ్చు. నేనూ నా స్నేహితుడు, మావాడూ, మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పం పొడవునా, దక్షిణాన ఉన్న లా పాస్ ఊరి దాకా వెళ్లొచ్చాం. నాది కవాసాకి కేఎల్ఆర్ 650. వాడిది రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్, కాలేజీ రోజుల్లో బుల్లెట్ కొనలేకపోయిన కసితో కొన్నది. అందరూ దొంగల గురించి అడుగుతారు కానీ, ఆ దారిలో నేను ఎక్కువగా ఆలోచించింది ఆవుల గురించి, పెట్రోలు గురించి, పొద్దు గూకే టైము గురించి. వాటి తర్వాత స్నేహితుడి గురించి. పది రోజులు పక్కపక్కన బండి నడిపితే ఎంత ప్రాణస్నేహితుడి మీదైనా చిరాకు వస్తుంది.

అందుకే బయల్దేరే ముందే ఒక మాట అనుకోండి. ఇద్దరిలో ఎవరి ట్యాంకు చిన్నదో, ఎవరి వేగం తక్కువో, ఎవరు ముందు అలిసిపోతారో, ప్లాన్ అంతా వాళ్ల లెక్క మీదే వేయాలి. మా ఇద్దరిలో అన్నిటికీ మావాడే. "నా వల్ల నీకు లేటవుతోందేమో" అని వాడు, "ఫర్వాలేదులే" అని నేను రోజంతా అనుకోకుండా, ఆ మాటలన్నీ ఇంట్లో చాయ్ తాగేటప్పుడే అయిపోవాలి.

ముందు కాగితాలు. ఇండియన్ పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా స్టాంపు గానీ, చేతిలో గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు. స్టాంపు గడువు అయిపోయి ఐ-797 (వీసా పిటిషన్ ఆమోదించామని అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్లిచ్చే కాగితం) మాత్రమే ఉన్నవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోకండి, మెక్సికో వీసా తీసుకోవాల్సిందే. టెకాటే దగ్గర గానీ శాన్ ఇసిద్రో దగ్గర గానీ సరిహద్దు దాటేటప్పుడు మిమ్మల్ని ఎవరూ ఆపకపోవచ్చు. అలాగని నేరుగా వెళ్లిపోకూడదు. మీరే బండి పక్కన పెట్టి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులోకి వెళ్లి ఎంట్రీ కాగితం తీసుకోవాలి. ఏడు రోజులు దాటి ఉండేవాళ్లు రుసుము కట్టాలి. ఆ కాగితం తిరిగి వచ్చేదాకా జాగ్రత్త.

అమెరికాలో మీకున్న బైక్ ఇన్సూరెన్స్ అక్కడి లయబిలిటీకి పనికిరాదు. మెక్సికన్ పాలసీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ప్రింటు తీసి ఒకటి బ్యాగులో, ఒకటి జాకెట్ జేబులో పెట్టుకోండి. యాక్సిడెంట్ అయితే తప్పెవరిదో తేలేదాకా ఇద్దరినీ ఆపి ఉంచే అధికారం అక్కడి పోలీసులకు ఉంది, కాబట్టి దీంట్లో పిసినారితనం వద్దు. బైకు మీ పేరు మీద రిజిస్టరై ఉండాలి. లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల అనుమతి లెటర్ తీసుకోండి. ప్రధాన భూభాగంలోకి వెళ్లాలంటే బాన్‌హెర్సితో (మెక్సికో సైన్యం బ్యాంకు) దగ్గర బండికి తాత్కాలిక పర్మిట్ తీసుకుని డిపాజిట్ కట్టాలి. 2007, ఆ తర్వాతి మోడల్ బండికి 400 డాలర్లు. బయటికి వచ్చేటప్పుడు పర్మిట్ తిరిగి ఇస్తే ఆ డబ్బు వస్తుంది. బాహా ద్వీపకల్పంలోనే తిరిగితే ఈ గొడవేమీ లేదు. మొదటి ట్రిప్పుకి బాహా అని నేను చెప్పేది సగం ఇందుకే.

టెకాటే దాటాక మూడో నంబరు హైవే మీద ద్రాక్షతోటల మధ్య నుంచి ఎన్సెనాదాకి దిగొచ్చు. టిహువానా ట్రాఫిక్ తప్పుతుంది. ఊళ్లలో ఎర్రటి బోర్డు మీద 'ఆల్తో' అని ఉన్నచోట రెండు కాళ్లూ నేల మీద పెట్టి పూర్తిగా ఆగండి. మెల్లగా జారుకుంటూ పోయేవాళ్ల కోసమే పోలీసులు అక్కడ నిలబడి ఉంటారు. ఫైన్ అంటే చలాన్ రాసివ్వమనండి, స్టేషన్లో కడతామని మర్యాదగా చెప్పండి.

ఇక్కడి నుంచి ఒకటో నంబరు హైవే. టిహువానా నుంచి కాబో సాన్ లూకాస్ దాకా 1,711 కిలోమీటర్లు. 1973లో పూర్తయింది. చాలాచోట్ల రెండే లేన్లు, సన్నగా ఉంటుంది. తెల్ల గీత దాటితే షోల్డర్ ఉండదు, తారు అంచు నుంచి నేరుగా కిందికే. ఎదురుగా ట్రక్కు వస్తున్నప్పుడు మనకి మిగిలేది ఆ గీత లోపలి రెండు అడుగులే. ముందున్న ట్రక్కు ఎడమ ఇండికేటర్ వేస్తే "రోడ్డు ఖాళీగా ఉంది, దాటి వెళ్లు" అని అర్థం. అతను నిజంగానే ఎడమకు తిరగబోతున్నా అదే ఇండికేటర్ వేస్తాడు. కాబట్టి ఎడమ వైపు దారి గానీ, బంకు గానీ, ఇల్లు గానీ కనిపిస్తే అతని మాట నమ్మకండి. ఊరి మొదట్లో 'తోపే' అని బోర్డు ఉంటుంది, అంటే స్పీడ్ బ్రేకర్. బోర్డు లేని తోపేలే ఎక్కువ. 'వాదో' అంటే వాన నీళ్లు రోడ్డు మీదుగా పారే పల్లం. ఎండ కాస్తున్నా అందులో ఇసుక మిగిలి ఉంటుంది.

ఇద్దరూ ఎలా నడపాలన్నది అన్నిటికంటే ముఖ్యం. నెమ్మదిగా వెళ్లేవాడు ముందు ఉండాలి. వేగం వాడి చేతిలోనే ఉంటుంది, వెనకవాడు ఎదురుచూడాల్సిన పని పడదు. పనిముట్లు, పంపు, పంక్చర్ కిట్ వెనకవాడి దగ్గర ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పనిముట్లున్నవాడు ముందు వెళ్లిపోతాడు, వెనకవాడికి పంక్చర్ పడితే ముందువాడు అద్దంలో చూసుకుని వెనక్కి వచ్చేసరికి గంట. ట్యూబుల విషయం కూడా ముందే చూసుకోండి. వాడి బండికి రెండు చక్రాలూ 18 అంగుళాలు, నాది ముందు 21, వెనక 17. ఒకరి ట్యూబు ఇంకొకరికి సరిపోదు కాబట్టి ఎవరి స్పేర్లు వాళ్లే మోయాలి. ఇద్దరిదీ ఒకే మోడల్ అయితే బరువు సగం తగ్గుతుంది, ఎవరైనా వింటే. ఊళ్లలో 'యాంతేరా' అని పాత టైరు మీద రాసి వేలాడదీసిన షెడ్లు ఉంటాయి. పంక్చర్ వేయడంలో వాళ్లు మనకంటే వెయ్యి రెట్లు నయం.

హెల్మెట్లలో ఇంటర్‌కామ్ పెట్టుకోండి. మాట్లాడటానికి కాదు, "గుంత", "ఆవు", "ఆగుదాం" అనడానికి. రోజంతా కబుర్లు చెప్పుకుంటే మూడో రోజుకి ఒకరి గొంతు ఒకరికి పడదు.

పెట్రోలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎల్ రోసారియోలో బంకు దాటాక దక్షిణంగా మళ్లీ బంకు కనిపించేది హెసూస్ మారియా దగ్గర, గెర్రెరో నేగ్రోకి కాస్త ముందు. మధ్యలో సుమారు 320 కిలోమీటర్లు. ఇంటర్‌సెప్టర్ ట్యాంకు 13.7 లీటర్లు. లీటరుకి 23 ఇస్తే 315 కిలోమీటర్లు. ఆ అయిదు కిలోమీటర్లు తోసుకుంటూ వెళ్లాలా? కాటవీన్యాలో రోడ్డు పక్కన డ్రమ్ముల్లోంచి పెట్రోలు అమ్మేవాళ్లు ఉంటారు. బంకు కంటే రేటు ఎక్కువ, అది న్యాయమే, అంత దూరం మోసుకొచ్చింది వాళ్లు. కానీ వాళ్ల మీదే ఆధారపడి బయల్దేరకండి. నాలుగు లీటర్ల క్యాన్ ఒకటి నా వెనక ర్యాక్ మీద కట్టాం. నా ట్యాంకు 23 లీటర్లు కాబట్టి, అవసరమైతే అందులోంచి లాగడానికి మీటరున్నర ప్లాస్టిక్ గొట్టం కూడా పెట్టుకున్నాం. పసిఫిక్ వైపు గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు వీపున తోసే గాలి తిరుగు ప్రయాణంలో ముఖానికి కొడుతుంది, మైలేజీ పడిపోతుంది. వెళ్లేటప్పుడు సరిపోయింది కదా అని వచ్చేటప్పుడు అదే లెక్క వేసుకోవద్దు. బాహాలో నా నియమం ఒకటే: బంకు కనిపిస్తే ఇద్దరూ నింపుకోవడమే, సగం ఉన్నా సరే. ఆకుపచ్చ నాజిల్ మాగ్నా, 87 ఆక్టేన్. మన బండ్లకి చాలు. పెట్రోలు పోసే మనిషి ఉంటాడు. "యేనో, పోర్ ఫవోర్" అంటే నింపుతాడు. మీటరు సున్నా దగ్గర ఉందో లేదో చూశాకే మూత తీయండి.

ఈ 320 కిలోమీటర్లే మొత్తం ప్రయాణంలో అందమైన ముక్క కూడా. కాటవీన్యా దగ్గర ఇళ్లంత గుండ్రాళ్లు, వాటి మధ్య కార్దోన్ జెముళ్లు, తలకిందులుగా పాతిన ముల్లంగిలా నిలబడే సీరియో చెట్లు. ఫోన్ సిగ్నల్ ఉండదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. శాటిలైట్ మెసెంజర్ ఒకటి ఇద్దరికీ కలిపి కొన్నా చాలు. బండి ఆగిపోతే 078 ప్రభుత్వం నడిపే ఆంహెలెస్ వెర్దెస్ నంబరు, హైవే మీద సాయానికి వస్తారు. సిగ్నల్ ఉన్నచోటే అది పనికొస్తుందని గుర్తుంచుకోండి.

చీకటి పడ్డాక నడపకండి. ఇది సలహాలా వినకండి. కంచెలు లేని పొలాల్లోంచి ఆవులు వచ్చి, రాత్రి చల్లబడ్డాక వెచ్చగా ఉన్న తారు మీద పడుకుంటాయి. నల్ల ఆవు నల్ల రోడ్డు మీద హెడ్‌లైటుకి చివరి క్షణం దాకా కనబడదు. శీతాకాలంలో అయిదు దాటాక కాసేపటికే చీకటి పడుతుంది. మధ్యాహ్నం మూడింటికి ఎక్కడున్నారో చూసుకుని, అక్కడికి దగ్గర్లో ఉన్న మోటెల్‌లో దిగిపోండి. 28వ అక్షాంశం దగ్గర, గెర్రెరో నేగ్రో ముందు, రాష్ట్రం మారుతుంది. శీతాకాలంలో గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. వెలుగు లెక్కలో ఆ గంట కూడా వేసుకోండి.

దారిలో ఆర్మీ చెక్‌పోస్టులు తగులుతాయి. హెల్మెట్ తీసి, ఎక్కడి నుంచి, ఎక్కడికి అని అడిగితే ఊరి పేర్లు చెబితే చాలు. బ్యాగులు తెరవమంటే తెరవండి. మావాడు వాళ్లమ్మ పంపిన కందిపొడి పేరు లేని జిప్ కవర్లో వేసుకొచ్చాడు. సైనికుడు దాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు, వాసన చూశాడు, మా ఇద్దరినీ చూశాడు. మావాడు చిటికెడు నోట్లో వేసుకుని చూపించాడు. "పికా?" అన్నాడతను, కారమా అని. తనూ చిటికెడు వేసుకుని, పక్కవాణ్ణి పిలిచి వాడికీ పెట్టాడు. అన్ని చెక్‌పోస్టుల్లో ఇంత సరదాగా అయిపోతుందని నేను హామీ ఇవ్వలేను. పొడులు లేబుల్ ఉన్న ప్యాకెట్లలోనే తెచ్చుకోండి. రాష్ట్ర సరిహద్దు దగ్గర వ్యవసాయ తనిఖీ ఉంటుంది, పళ్లు ముందే తినేయండి.

శాకాహారులకి ఒక మాట. బీన్స్ కదా అని తినేయకండి, చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. "సిన్ మాంతేకా" అంటే అది లేకుండా అని. చీజ్ పెట్టి కాల్చిన రొట్టె కెసాదియా, జెముడు ఆకుల కూర నోపాలెస్ దొరుకుతాయి. ఎర్రటి చల్లటి 'అగ్వా దె హమైకా' తాగండి. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్కే. మనం ఆకు తింటాం, వాళ్లు కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకలు ఆరబెట్టి మరిగిస్తారు. మాది గుంటూరు, కారం మాకో లెక్కా అనుకుంటూ హబనేరో సాల్సా గరిటెతో వేసుకోకండి. మిరపకాయని మొదట సాగుచేసింది ఆ దేశంలోనే.

డబ్బు విషయంలో ఒక జిప్ పౌచ్ పెట్టి ఇద్దరూ సమానంగా పేసోలు వేయండి. పెట్రోలు, తిండి, మోటెల్ అన్నీ అందులోంచే. నా బండి ఎక్కువ తాగుతుంది, వాడు ఎక్కువ తింటాడు, లెక్క సరిపోతుంది. చిన్న ఊళ్లలో కార్డు పనిచేయదు.

గెర్రెరో నేగ్రో తర్వాత తొందర తగ్గించండి. జనవరి నుంచి మార్చి మధ్యలో వెళ్తే ఓహో దె లియెబ్రే సరస్సులో బూడిద తిమింగలాలు పడవ పక్కకే వస్తాయి. సాన్ ఇగ్నాసియోలో ఖర్జూరపు చెట్ల నీడలో మధ్యాహ్నం గడపొచ్చు. సాంతా రోసాలియాకి దిగే ఘాట్‌లో బ్రేకు మీద కాకుండా గేరు మీద దిగండి. ఫ్రెంచి రాగి కంపెనీ కట్టిన ఆ ఊళ్లో ఐఫెల్ డిజైన్ చేశాడని చెప్పుకునే ఇనుప చర్చి ఉంది. ములెహే దాటాక కొన్సెప్సియోన్ అఖాతం పక్కన టెంట్ వేసుకునే బీచులు ఉన్నాయి. అక్కడ ఒక రోజు బండి తాళం ముట్టుకోకండి. లొరేతో, లా పాస్ ఊళ్లు బాగుంటాయి, వాటికి గైడ్ అక్కర్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు చపాలా దగ్గర అయిదో నంబరు హైవే ఎక్కి సాన్ ఫెలీపే మీదుగా మెహికాలీ చేరితే వచ్చిన దారే మళ్లీ చూడక్కర్లేదు. సరిహద్దు క్యూలో బైకులు కార్ల మధ్య నుంచి ముందుకు వెళ్తుంటాయి, మీరూ వెళ్లండి. కాకపోతే సెంట్రి కార్డు (ముందే తనిఖీ చేయించుకున్నవాళ్లకి ఇచ్చేది) లేకుండా ఆ లేన్లోకి మాత్రం దూరొద్దు. పాస్‌పోర్టు, హెచ్-1బి వాళ్లయితే ఒరిజినల్ ఐ-797, జాకెట్ పై జేబులో ఉంచుకోండి. వాటి కోసం బ్యాగు అడుగు దాకా తవ్వుతుంటే వెనక ఉన్న మూడొందల కార్లూ హారన్ కొడతాయి.